మూరెడు ఉలి, జానెడయింది

నేను పుట్టినప్పుడు మూరెడు పొడవుండేదాన్ని. ఇప్పుడు జానెడుకు తక్కువే. మిగతా ఉక్కు కొంత కృష్ణ ఒడ్డున పోయింది, ఎక్కువ భాగం ఈ జూబ్లీహిల్స్ గుండ్లలో పోయింది. రాయి కొట్టే ఉలికి ఆయుష్షంటే పొడవే. మొన మొద్దుబారినప్పుడల్లా కొలిమికి పోతాం, గోరు మందం తగ్గి తిరిగొస్తాం. ఇంకోవైపు సుత్తి దెబ్బలకు తల పగిలి, అంచులు పువ్వు రేకుల్లా విచ్చుకుంటాయి. నా తల చూసినవాళ్లు నా వయసు చెప్పగలరు.

ఇప్పుడు ఫిల్మ్‌నగర్ గుట్ట వాలున ఒక బస్తీలో, రెండు గదుల ఇంట్లో, మంచం కింద రేకు పెట్టెలో ఉంటున్నాను. పెట్టెలో కొలత టేపు, పుట్టీ రేకు, అరిగిన ఎమరీ కాగితాలు ఉన్నాయి. అవన్నీ మనవడివి. నేను ఒక్కదాన్నే అవ్వ సొత్తు. ఎనభై ఏళ్ల మనిషి, వారానికోసారి నన్ను తీసి కొంగుతో తుడిచి, మొన మీద కొబ్బరినూనె చుక్క రాసి మళ్లీ పెడుతుంది.

నా పుట్టుక నాగార్జునసాగర్ దగ్గర. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట అది. నది మధ్య గోడను రాతికట్టుగా లేపాలనుకోవడంతో వేల చేతులకు పని పడింది. పాలమూరు నుంచి వడ్డెర కుటుంబాలు గంపలు, గునపాలు, చంటిపిల్లలతో తరలివచ్చాయి. అవ్వకూ తాతకూ అప్పటికి కొత్తగా పెళ్లయింది. విరిగిపోయిన ఎనిమిది పలకల డ్రిల్లు కడ్డీ ముక్క ఒకటి తాతకు దొరికింది. కమ్మరి దాన్ని కొలిమిలో పెట్టి, మొన సాగగొట్టి, నీళ్లలో ముంచి తీసి ఊరుకోలేదు. వేడి మళ్లీ మొన దాకా పాకి, ఎండుగడ్డి రంగు వంగపండు రంగుకు తిరగబోయే క్షణం కోసం రెప్ప వేయకుండా చూశాడు. ఆ క్షణం తప్పితే నేను పనికిరాను. ముందే ముంచితే రాయి మీద మొన రాలిపోతుంది, ఆలస్యమైతే వంగిపోతుంది. ఆ కమ్మరి పేరు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆయన పెట్టిన పదును మాత్రం ఇంకా నాలో ఉంది.

124 మీటర్ల ఎత్తు గోడ. ఆ గోడ అంత ఎత్తుకూ రాయి నడిచి వెళ్లింది. సర్వీ కర్రల పరంజా మీద, ఏటవాలు మెట్ల మీద, తల మీద రాయి పెట్టుకుని ఆడా మగా వరుసగా ఎక్కేవాళ్లు. తాత కింద రాయి అంచు చదును చేసేవాడు, అవ్వ ఆ రాయి మోసేది. నా మొన మీద ఆయన చెమట, నేను చెక్కిన రాయి కింద ఆమె తల చుట్టకుదురు.

అదే లోయలో ఆ రోజుల్లో ఇంకో పని కూడా సాగింది. నీళ్లు నిండితే నాగార్జునకొండ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల నాటి స్తూపాలూ విహారాలూ బయటపడ్డాయి. కొన్నింటిని విప్పి, రాయి రాయికీ అంకె వేసి, కొండ మీదా అనుపులోనూ మళ్లీ పేర్చారు. రాళ్లు మోయడానికి పోయిన మా పక్క గుడిసె మనిషి ఒకాయన వచ్చి చెప్పేవాడు. అక్కడి స్తంభాల మీద రాతలున్నాయట, ఒక రాజు తోబుట్టువు చాంతిసిరి చేసిన దానం గురించి వాటి మీద ఉందట. పదిహేడు వందల ఏళ్లుగా ఆమె పేరు నిలిచింది. ఆ స్తంభాన్ని చెక్కిన చేతి గురించి ఏమైనా రాశారా అని తాత అడిగాడు. ఆ మనిషి దగ్గర జవాబు లేదు.

1967లో కాలువలకు నీళ్లొదిలారు. అందరూ సంబరపడ్డారు, మావాళ్లు కూడా. తమ చేతి పని మీదుగా నీళ్లు పారడం చూసి అవ్వ ఏడ్చిందని తాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ వెంటనే పని అయిపోయింది. గుడిసెలు విప్పుకుని పట్నం దారి పట్టారు.

అప్పటి జూబ్లీహిల్స్ అంటే గుండ్లే. 1960ల తొలినాళ్లలో చల్లగళ్ల నరసింహం గారి పూనికతో ఇళ్ల సంఘం ఏర్పడింది గానీ, షేక్‌పేట వైపు నుంచి చూస్తే ముళ్లపొదలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న బండలు, దూరంగా గోల్కొండ బురుజు. ఈ నల్లరాయికి 250 కోట్ల ఏళ్లంటారు. దాన్ని చీల్చడానికి బలం ఒక్కటే సరిపోదు. తాత ముందు గుండు చుట్టూ తిరిగేవాడు. సుత్తి వెనకతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖంగుమంటే ఒక రకం, మొద్దుగా పలికితే లోపల పగులుందని. రాతికి ఒక వాటం ఉంటుంది, కట్టెకు నార ఉన్నట్టు. ఆ వాటం వెంట బొగ్గుతో గీత గీసి, జానకొక గుంట చొప్పున నాతో తొలిచేవాడు. ఒక్కో గుంటకు ఎన్ని వందల దెబ్బలో నాకు తెలుసు. గుంటల్లో ఇనుప చీలలు దింపి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోయేవాడు. మళ్లీ మొదటికి. మూడో వరుసో నాలుగో వరుసో అయ్యాక పని ఆపి బీడీ ముట్టించేవాడు. అప్పుడు లోపల ఎక్కడో చిన్నగా 'టప్' మనేది. ఏనుగంత గుండు రెండు చెక్కలయ్యేది. గోల్కొండ గోడలకు రాయి తీసినవాళ్లు వదిలిన ఇలాంటి గుంటలే ఈ చుట్టుపక్కల బండల మీద ఇంకా కనబడతాయి. తాత వాటిని చూసినప్పుడల్లా ఆగి, వేలు పెట్టి లోతు చూసేవాడు. తెలిసినవాళ్ల ఇంటి ముందు నుంచి పోతూ పలకరించినట్టుండేది.

అలా ప్లాటు ప్లాటుగా గుట్ట దిగింది. 1976లో గుట్టల మధ్యే అన్నపూర్ణ స్టూడియో తెరుచుకుంది. ఆ తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్‌నగర్, తారల ఇళ్లు. పునాదుల్లో సైజు రాళ్లు, ప్రహరీలకు కడీలు, రోడ్డుకు కంకర. తాత ఏ ఇంటి గృహప్రవేశానికీ పోలేదు. దారిన పోతూ ప్రహరీలో ఒక రాయి చూపించి ఇది ఫలానా గుండు ముక్క అనేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

దగ్గు మొదలైనప్పుడు చలికాలపు దగ్గే అనుకున్నారు. క్షయ మందులు రాసిచ్చారు, ఏడాది వాడారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు వేరే ఉందని ఎవరూ చెప్పలేదు. దుమ్ము రేపింది నేనే. దెబ్బ పడినప్పుడల్లా నా మొన దగ్గర నుంచి లేచిన ఆ తెల్లటి పొడిని ఆయన పాతికేళ్లు పీల్చాడు. ఈ మాట నేను దాచుకోను. చివరి నెలల్లో ఆయన నన్ను ఎత్తలేకపోయేవాడు. ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

కొడుకు కాలానికి కంప్రెసర్లు, మందుగుండు వచ్చాయి. ఉలికి పని తగ్గింది. కొడుకు సినిమా సెట్లకు కర్రలు మోసే పనిలో చేరాడు. 2003లో వచ్చిన గుణశేఖర్ సినిమా 'ఒక్కడు' కోసం కళా దర్శకుడు అశోక్ చార్మినార్ సెట్టు వేశారు కదా, అక్కడ కూడా పనిచేశాడు. ఒక రాత్రి ఇంటికొచ్చి అవ్వతో అన్నాడు: "అమ్మా, చార్మినార్ కట్టినం." అసలు చార్మినార్ 1591 నాటిది. కట్టించిన కులీ కుతుబ్‌షా పేరు, పథకం వేసిన మీర్ మోమిన్ పేరు చెబుతారు. సున్నం నూరిన వాళ్లు, మినార్ల మీద పూల తీగలు తీర్చిన వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో, రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నారో. కొడుకు ఆ రాత్రి తన అరచేతుల బొబ్బలు చూపిస్తుంటే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

ఇక మనవడు. వాడిది మౌల్డింగ్ పని. యూనియన్ కార్డుంది. ప్లైవుడ్ చట్రం మీద థర్మాకోల్ అంటించి, దాని మీద ప్లాస్టర్ పోసి, ఏ కాలపు గోడ కావాలంటే ఆ గోడ చేస్తారు. ఒకసారి కాకతీయుల కోట గోడ వేయాల్సి వచ్చింది. కొలతలకు, ఫొటోలకు ఓరుగల్లు కోటకూ పాలంపేట రామప్ప గుడికీ పోయిన జట్టులో వీడూ ఉన్నాడు. వచ్చి ఫోన్లో అవ్వకు చూపించాడు. రామప్ప గుడి కథ చెప్పాడు: 1213 నాటి శాసనంలో కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడి పేరుంది, రాజు గణపతిదేవుడి పేరుంది. శిల్పి రామప్ప పేరు జనం నోళ్లలో నిలిచి, గుడికే ఆ పేరు వచ్చిందంటారు. పునాదిలో ఇసుక నింపారనీ, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారనీ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందనీ చెప్పుకొచ్చాడు.

"రామప్ప ఒక్కడే ఎత్తినాడా రాళ్లు?" అంది అవ్వ.

వాడు ఫోన్లో కోట గోడ ఫొటో తెరిచాడు. సున్నం లేకుండా రాయి మీద రాయి అమర్చిన గోడ. అవ్వ ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి, ఒక రాయి దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది.

"వీడు ఎడమచేతోడు రా."

"ఎవరవ్వా?"

"ఈ రాయి కొట్టినోడు. చూడు, గీతలన్నీ ఇటు వాలినయి. పక్క రాయి చూడు, అటు వాలినయి. అది కుడిచేతోడిది."

మనవడు ఫోను లాక్కుని చూశాడు. నిజమే. ఏడెనిమిది వందల ఏళ్ల కింద ఓరుగల్లులో పక్కపక్కన కూర్చుని రాయి కొట్టిన ఇద్దరు మనుషులు ఆ ఫొటోలో ఉన్నారు.

మర్నాడు వాడు నన్ను పెట్టెలోంచి తీసి సెట్టుకు తీసుకుపోయాడు. ప్లాస్టర్ గోడ నున్నగా, ప్రాణం లేకుండా ఉందని అప్పటికే పెద్దలు అంటున్నారట. వాడు ప్లాస్టర్ పచ్చిగా ఉండగానే నన్ను ఏటవాలుగా పట్టి, చిన్న సుత్తితో మెల్లగా కొట్టాడు. గ్రానైట్ తెలిసిన నాకు అది పెరుగులో దిగినట్టుంది. అయినా మనసు పెట్టి పనిచేశాను. వాడు కుడిచేత్తో ఒక రాయి, తర్వాత సుత్తి చెయ్యి మార్చుకుని ఎడమచేత్తో పక్క రాయి గీశాడు. ఎడమచెయ్యి అలవాటు లేక వేలు నలగ్గొట్టుకున్నాడు. మధ్యాహ్నానికి మిగతా కుర్రాళ్లు కూడా చేరారు. రంగు వేశాక ఆ గోడ దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన అరచెయ్యి ఆనించి చూశాడు, చల్లగా ఉంటుందనుకుని.

పన్నెండు రోజుల షూటింగు. పదమూడో రోజు గోడ విప్పేశారు. గోడ చేసిన కుర్రాళ్లే సుత్తులు పట్టుకుని, చట్రం కర్రలు వేరుచేసి, ప్లాస్టర్ ముక్కలు ట్రాక్టరుకెత్తారు. సినిమా వచ్చినప్పుడు మనవడు చివరి పేర్లన్నీ వెళ్లేదాకా హాల్లో నిలబడ్డాడని ఇంట్లో చెబుతుంటే విన్నాను. శాఖల పెద్దల పేర్లు పడ్డాయి. రోజుకూలి వాళ్లవి లేవు.

2025 ఆగస్టులో సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచమని పని ఆపేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. మనవడు ఇంటిపట్టునే ఉన్నాడు. ఫోన్లో ఏదో చూసి అవ్వకు చెప్పాడు. మూడు వేల ఏళ్లకు పైగా కిందట ఈజిప్టులో, మూడో రామెసిస్ కాలంలో, రాజుల సమాధులు తొలిచే పనివాళ్లు కూలి గింజలు రాలేదని పనిముట్లు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారట. వాళ్ల లేఖకుడు దాన్ని పపైరస్ మీద రాసిపెట్టాడట, అది ఇప్పటికీ ఉందట.

"గింజలిచ్చిన్రా మరి?"

"ఇచ్చిన్రు అవ్వా. ఆలస్యంగ."

అవ్వ తల ఊపింది. కాసేపాగి, "పని లేదు గద బిడ్డా, నన్ను గుండు కాడికి తోల్కపో" అంది.

ఏ గుండో నాకు తెలుసు. అవ్వ నన్ను కొంగులో ముడేసుకుంది. బండి మీద ఎత్తులు ఎక్కి దిగి, ఒక మలుపు దగ్గర ఆగారు. అక్కడి ఇంటివాళ్లు ప్రహరీని వంపు తిప్పి, గుండును బయటే వదిలారు. ఛాతీ ఎత్తు ఉంటుంది. పైన, నాచు కింద, వరుసగా గుంటలు. అవ్వ తడుముతూ లెక్కపెట్టింది. ఎనిమిది లోతువి. తొమ్మిదోది గోరు మునిగేంతే.

"తొమ్మిదోది నేనే తొలుస్తున్న. మీ తాత నీళ్లకు పోయిండు. అప్పుడే నొప్పులొచ్చినయి. గా చెట్టు కింద మీ నాయిన పుట్టిండు. తెల్లారి వస్తే ఈ గుండు ఉండనీయమన్నరు."

వాళ్ల నాన్నకు ఆధార్ కార్డులో జనవరి 1 పుట్టినరోజు. మనవడు ఏమీ మాట్లాడలేదు. ఒక్కో గుంటలో వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాడు. పొద్దున పడిన వాన నీళ్లు తొమ్మిదో గుంటలో నిలిచి ఉన్నాయి. అవ్వ కొంగు ముడి విప్పి, ఆ కొంగుతోనే నీళ్లు అద్ది తీసి, గుంటలో చేరిన మట్టిని నా మొనతో మెల్లగా గీకింది.