ముల్లుకు తెలిసిన సంగతి

నేను రికార్డ్ ప్లేయర్‌ని. మలికిపురంలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారి హాల్లో, వీధి కిటికీకి దూరంగా ఉంటాను. కువైట్‌లో పనిచేసే ఆయన బావమరిది సెలవుకొస్తూ నన్ను పట్టుకొచ్చాడు. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి నాకు పడదు. వానాకాలంలో రికార్డుల అట్టలకు బూజు పట్టకుండా మాస్టారు ఒక్కొక్కటీ తీసి పొడిబట్టతో తుడుస్తారు.

ఆయనకు బీతోవెన్ ఐదో సింఫనీ అంటే ప్రాణం. ఆ ఒక్కదానికే ఇంట్లో నాలుగు రికార్డులున్నాయి.

"ఒక్క దానికే ఇన్నెందుకు తాతయ్యా?" అన్నాడు మనవడు.

"రాసింది ఒకటే రా. వాయించినవాళ్లు వేరు, రికార్డు చేసినవాళ్లు వేరు."

అందరికీ తెలిసిన ఆ మొదటి నాలుగు స్వరాలు విని రికార్డు ఎంచుకోకూడదు. అవి ఎందులోనైనా బాగానే మోగుతాయి. నన్నడిగితే మూడో భాగం చివర ముల్లు దించమంటాను. అక్కడ తీగవాద్యాలు సన్నగా ఒకే శ్రుతి పట్టుకుని నిలుస్తాయి. టింపనీ అనే డోలు మీద కర్ర మెత్తగా తగులుతూ ఉంటుంది. వయొలిన్లు పైకి పాకి పాకి, ఒక్కసారిగా నాలుగో భాగంలోకి దూకుతాయి. అంతసేపూ ఊరికే కూర్చున్న ట్రాంబోన్లు, పికలో, కాంట్రాబసూన్ అప్పుడే మొదటిసారి గొంతు కలుపుతాయి. నాసిరకం రికార్డులో ఆ టింపనీని గరగర మింగేస్తుంది. మెత్తని చోట వినబడాలని ఇంజనీరు ముందే శబ్దం పెంచేశాడా, తర్వాత ఆ దూకుడు చప్పబడిపోతుంది.

నా ముల్లుకే తెలిసే కష్టం ఇంకొకటుంది. ఎల్పీ నిమిషానికి 33 చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర గాడి పొడవుగా సాగిపోతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అదే చుట్టు సగం కంటే పొట్టిదైపోతుంది. ఈ సింఫనీలో అన్నిటికన్నా పెద్ద హోరు సరిగ్గా అక్కడే పడుతుంది. మాస్టారు మద్రాసులో కొన్న పాత రికార్డులో ఐదో సింఫనీ అంతా ఒక పక్కనే ఇరికించి, రెండో పక్క షూబర్ట్ 'అసంపూర్తి' సింఫనీ వేశారు. అరగంట సంగీతం ఒక పక్కన కుక్కితే గాళ్లు సన్నబడతాయి, చివర్లో ఇత్తడి వాద్యాలు చీరుకుపోతాయి.

1974లో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ కార్లోస్ క్లైబర్ చేసిన దాంట్లో ఆ ఇరుకు లేదు. డాయిచె గ్రామోఫోన్ కంపెనీ వాళ్లు ఐదో సింఫనీ ఒక్కదాన్నే రెండు పక్కలా పరిచారు. మూడు, నాలుగు భాగాలకు రెండో పక్కంతా దొరికింది. టింపనీ తెలుస్తుంది, ఆ వెంటనే వచ్చే హోరూ నిండుగా ఉంటుంది. 1962లో కరయాన్ బెర్లిన్‌లోని ఒక చర్చిలో చేసిన రికార్డూ నాకిష్టమే. ఆ చర్చి గోడల గుంజనం తీగవాద్యాలకు నునుపు తెచ్చింది. కానీ వేడి క్లైబర్‌దే.

మెత్తని చోట విని చూసే ఈ పరీక్ష మన సంగీతానికీ పనికొస్తుంది. మా మండలంలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ రికార్డు పెట్టినప్పుడు, ఆయన ఊపిరి తీసుకునే సందులో తంబుర వినబడుతుందా అని చూస్తాను. వినబడితే అది మంచి రికార్డు.

నా పరీక్షకు లొంగనిది ఒక్కటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ తన బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ముందు మళ్లీ నిలబడింది 1947 మే నెలలో. ఆ కచేరీల్లో పట్టిన ఐదో సింఫనీ అది. మోనో, శబ్దం మసకగా ఉంటుంది, జనం దగ్గులూ వినబడతాయి. అయినా టింపనీ నుంచి నాలుగో భాగానికి వెళ్లే ఆ దారిలో, ఆ మనుషులు ఎక్కడినుంచి ఎక్కడికొచ్చారో నా ముల్లుకు తగులుతుంది. శుభ్రంగా పట్టిన రికార్డులేవీ నాకు అది ఇవ్వలేదు.

మొన్న మనవడు హైదరాబాదులో తనూ ఒక ప్లేయర్ కొన్నానని, ఏదో ఒకటి ఇమ్మని అడిగాడు. మాస్టారు క్లైబర్‌ని తీసి చేతిలో పెట్టారు.

"మరి ఈ ఫుర్ట్‌వెంగ్లర్‌ది తాతయ్యా?"

"అది ఇవ్వను నాన్నా. వినాలంటే సంక్రాంతికి ఇక్కడికి రా."