పన్నెండుకి ఒకటి

అవనిగడ్డలో ఇరవై సెంట్ల స్థలంలో ఇల్లు కట్టాలనుకున్నాడు పెద్దాయన. నాగాయలంక వైపు ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. రెండు పంటలు వరసగా కలిసొచ్చాయి. తమ్ముడికి గుడివాడలో రైసుమిల్లు. తల్లి పెద్దాయన దగ్గరే ఉంటుంది.

ప్లాను గీయడానికి బందరు నుంచి ఓ కుర్రాడు వచ్చాడు. పెద్దాయన మొదట ఎత్తిన మాటే బేస్‌మట్టం. రోడ్డు మీంచి ఐదడుగులు లేవాలి. అంగుళం తగ్గినా కుదరదన్నాడు.

కారణం ఉంది. వాళ్ళ సొంతూరు సొర్లగొంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పెద్దాయనకి ఐదేళ్ళు, తమ్ముడికి రెండు. దివిసీమలో ఆ ఒక్క రాత్రికి వేలమంది పోయారు. తల్లి పెద్దవాణ్ణి చీరతో వీపుకి కట్టుకుంది, చిన్నవాణ్ణి చంకనేసుకుంది, గట్టు మీద తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా నిలబడింది. ముళ్ళు దిగిన మచ్చలు ఆవిడ చేతుల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ తర్వాతే అవనిగడ్డ వచ్చేశారు.

అందుకే ఐదడుగులు. ఐదడుగులంటే పది మెట్లు.

తల్లి మెట్లెక్కలేదు. కిందటేడు స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషను బాగానే జరిగిందన్నారు. నడక మాత్రం రాలేదు. చక్రాల కుర్చీలోనే ఉంటోంది.

“ర్యాంపు పెట్టించాలి. అమ్మ కోసం,” అన్నాడు పెద్దాయన.

మేస్త్రి పక్కనే ఉన్నాడు. గోడ వారనే తిన్నగా తీసుకెళ్ళి ఓ మలుపు తిప్పితే చాలు, ఖర్చూ తక్కువ, చోటూ కలిసొస్తుంది అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. విజయవాడలో ఏదో హోటలు ముందు చూశాడట. గుండ్రంగా తిరుగుతూ పైకి లేచి సింహద్వారం ముందు ఆగాలి. దాని పక్కన గోడ కూడా నిటారుగా ఉండకూడదు, పువ్వు విచ్చినట్టు బయటికి వాలాలి.

“ఈ చుట్టుపక్కల ఎవరికీ ఉండకూడదు. అమ్మ దర్జాగా రావాలి,” అన్నాడు.

కుర్రాడు తల్లి కూర్చున్న కుర్చీ దగ్గరికెళ్ళి టేపు పెట్టి వెడల్పు కొలిచాడు. ఇరవయ్యారు అంగుళాలు. ఇంటి విషయంలో ఆవిడతో ఎవరికైనా పని పడింది ఆ ఒక్కసారే.

ర్యాంపు లెక్క సులువైనదే. పన్నెండడుగులు నడిస్తే ఒక అడుగు లేవాలి. అంతకంటే నిటారైతే చక్రాల కుర్చీ వెనక్కి లాగుతుంది. ఐదడుగులు లేవాలంటే అరవై అడుగుల దారి కావాలి. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఓ చదును. తిన్నగా ఉంటే ఇంతటితో అయిపోయేది.

వంపు తిరిగేసరికి లెక్క మారింది. ర్యాంపు వెడల్పు ఆరడుగులు. నడిమి గీత మీద పన్నెండుకి ఒకటి సరిగ్గానే వచ్చింది. కానీ లోపలి అంచు పొట్టి, బయటి అంచు పొడుగు, లేవాల్సిన ఎత్తు మాత్రం రెండింటికీ ఒకటే. లోపలి వైపు పదడుగులకే అడుగు లేస్తోంది, బయటి వైపు పద్నాలుగు పడుతోంది. కుర్రాడు వంపుని ఇంకాస్త విప్పాడు. ముందున్న పూలమొక్కల చోటు ర్యాంపు కిందికి పోయింది. పెద్దాయన భార్య రెండ్రోజులు మొహం ముడుచుకుంది. లోపలి అంచు కూడా పన్నెండు దగ్గరికొచ్చింది.

గోడ దగ్గర, కుర్రాడు కంప్యూటర్లో బొమ్మ గీసే సాఫ్ట్‌వేరు రెవిట్ మొండికేసింది. 2021 వెర్షన్ నుంచి అందులో గోడని వాల్చడం తేలికైంది. ఇన్ని డిగ్రీలు అని చెబితే అంతే వాలుతుంది. కుర్రాడు పది డిగ్రీలిచ్చాడు. వాలింది. కానీ గోడ అడుగుభాగాన్ని ర్యాంపుకి అతికించమంటే అతకదు. నేలకి అతుకుతుంది, కప్పుకి అతుకుతుంది, ర్యాంపుకి అతకదు. దాంతో కుర్రాడు గీసిన ర్యాంపుని చెరిపేశాడు. అదే వంపులో నేల అని చెప్పి ఓ పలక గీశాడు, అంచుల పొడుగునా చుక్కలు పెట్టాడు, ఒక్కో చుక్కనీ రెండేసి అంగుళాలు పైకి లేపుకుంటూ పోయాడు. నేల ర్యాంపయింది. గోడ బుద్ధిగా అతుక్కుంది. కంప్యూటర్నైనా మనిషినైనా ఒప్పించాలంటే ఒక్కోసారి పేరు మార్చి చెప్పాలి.

బొమ్మ చూసి పెద్దాయన సంతోషించాడు. వీడియో కూడా కావాలన్నాడు. తమ్ముడు, బంధువులు గుడివాడ నుంచి ఆదివారం వస్తున్నారు, వాళ్ళకి టీవీలో చూపించాలి. అమ్మ కుర్చీలో కూర్చుని పైకి వస్తున్నట్టు ఉండాలి.

మోడల్ని వీడియోలు చేసే లూమియన్‌లోకి తీసుకెళ్ళాడు కుర్రాడు. అక్కడ దొరికిన ముసలమ్మ తెల్లజుట్టు దొరసాని. గౌను వేసుకుంది. ఆమెకి నేతచీర కట్టించడానికి ఓ పూట పట్టింది. చక్రాల కుర్చీ ఇంకా ఇబ్బంది పెట్టింది. వంపులోకి రాగానే ఎడమ చక్రం నేలలోకి దిగబడేది, కుడి చక్రం గాల్లో తేలేది. ఎడమది సరిచేస్తే కుడిది దిగబడేది. రాత్రిళ్ళు కూర్చుని కుర్చీ నడిచే దారిని అడుగడుక్కీ సవరించాడు. చక్రాలు తిరిగే వేగం, కుర్చీ కదిలే వేగం కలిసేలా చేశాడు. చక్రాల నీడలు కూడా వంపు తిరిగే కొద్దీ సాగేలా చూశాడు.

ఆదివారం హాలు నిండింది. తమ్ముడు భార్యాపిల్లలతో వచ్చాడు. తల్లి కుర్చీని టీవీకి ఎదురుగా పెట్టారు. కుర్రాడు తీగ తగిలించి వీడియో మొదలెట్టాడు.

గేటు తెరుచుకుంది. కుర్చీ లోపలికొచ్చింది. ర్యాంపు ఎక్కింది. వాలుగోడ మీద ఎండ పడుతోంది, పక్కన గడ్డి ఊగుతోంది. చదును దగ్గర కుర్చీ ఓ క్షణం ఆగి మళ్ళీ కదిలింది. చక్రం నేలని ఎక్కడా వదల్లేదు, ఎక్కడా దిగబడలేదు. వంపు పూర్తి చేసుకుని సింహద్వారం ముందుకొచ్చి ఆగింది. తలుపులు రెండూ వాటంతటవే తెరుచుకున్నాయి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. తమ్ముడు, “అచ్చం అమ్మలానే ఉందిరా అన్నయ్యా,” అన్నాడు. పెద్దాయన ఇంకోసారి వెయ్యమన్నాడు. ఇంకోసారి వేశాడు కుర్రాడు.

రెండోసారి అయ్యాక తల్లి కుర్రాణ్ణి పిలిచింది.

“చాలా బాగుంది నాయనా. మరి, వెనకాల తోసేవాళ్ళెవరూ కనపళ్ళేదేంటి?”

పెద్దాయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు మోగని ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కోడళ్ళిద్దరూ కాఫీ సంగతి చూడ్డానికి లేచారు.

“పెట్టలేదు మామ్మగారూ,” అన్నాడు కుర్రాడు. “కష్టమేం కాదు, ఐదు నిమిషాల పని.” లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని పెద్దాయన వైపు తిరిగాడు. “ఎవర్ని పెట్టమంటారండీ?”

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు.

“అందులో నర్సు బొమ్మేమైనా ఉందా?”