ఏడో అంగడి దాకా ఆగాలి

నిజామాబాదు జిల్లా కోటగిరిలో ఫలానాయన ఎట్లాంటి మనిషని అడిగితే ముగ్గురు మూడు తీర్ల చెబుతారు. ముగ్గురిదీ అబద్ధం కాదు. ఈ బెల్టులో మనిషిని మెచ్చుకునే పద్ధతులే రకరకాలు. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి కాలువల్లో నీళ్లు పారడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టాక చెరకు వెంట నౌకర్లు, వాళ్ల వెంట హోటళ్లు వచ్చాయి. పాత ఊళ్లలో తెలుగు, ఉర్దూ ఎప్పటి నుంచో ఉన్నవే. మంజీర దాటితే మరాఠీ. ఇన్ని మర్యాదలు వచ్చి ఒకే చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుంటే ఒకరి ఆప్యాయత ఇంకొకరికి అనుమానంగానే కనిపిస్తుంది.

క్యాంపు పెద్దాయన ఎదురొచ్చి, "రండి, రండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అంటాడు. పాత ఊరి రైతు కాఫీ తాగుతాడు గానీ ఇంటికొచ్చి పెళ్లాంతో, "గింత మర్యాద జేసిండంటే గట్టు ఏమన్న జరిపిండేమో, రేపు చూసి రావాలె" అంటాడు. అదే రైతు మరునాడు నిండు ప్రేమతో, "ఏం కాకా, మంచిగున్నవా?" అని భుజం మీద చెయ్యి వేస్తే, అవతల డెబ్బై ఏళ్ల క్యాంపాయన, తనను ఏకవచనంలో పిలిచినవాడి వయసెంతో లెక్క కడుతూ నిలబడిపోతాడు. ఇద్దరూ మంచివాళ్లేనని ఇద్దరికీ తెలియడానికి ఒక తరం పట్టింది. ఇప్పుడు ఇద్దరి మనవలూ ఒకే స్కూలు బస్సు ఎక్కుతున్నారు. ఇద్దరూ మాట్లాడేది సినిమా యాసే కాబట్టి తగాదా లేదు.

అయితే ఏ యాసలో చూసినా, ఏ కులంలో వెతికినా, మొదటి చూపులోనే అందరికీ నచ్చేసే రకం ఒకటుంది. తెల్ల చొక్కా మనిషి. బండి స్టాండు వేసే తీరులోనే ఒక ధీమా. హోటల్లో అడుగు పెట్టగానే ఉర్దూలో ఒక సలాము, తెలుగులో ఒక దండం, మరాఠీలో ఒక నమస్కారం, ఆ తర్వాత అందరికీ చాయ్. ఎవరి బిడ్డ ఏ కాలేజీలో చదువుతుందో, ఎవరి మోకాలికి ఎక్కడ ఆపరేషన్ అయిందో నోటికి తెలుసు. కలెక్టరాఫీసులో మనోడున్నాడు, హైదరాబాద్‌లో ఇంకా పెద్ద మనోడున్నాడు. ఏం పని చేస్తాడని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా వచ్చే జవాబు ఎంత కమ్మగా ఉంటుందంటే, అడిగిన సంగతే మరిచిపోతారు.

ఇట్లాంటి వాళ్ల మీద జర్మనీలో పరిశోధన జరిగింది. మిత్యా బాక్, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పత్రం అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: తమను తాము అంతగా ప్రేమించుకునేవాళ్లు తొలిచూపులో అందరికీ ఎందుకు నచ్చుతారు? కొత్తగా చేరిన విద్యార్థులు ఒక్కొక్కరే లేచి తమ గురించి చెప్పుకున్నారు, తోటివాళ్లు మార్కులు వేశారు. మెరిసే బట్టలు, ధీమాగా కదిలే ఒళ్లు, ముఖంలో ఆకర్షణ, మాటలో చమత్కారం ఉన్నవాళ్లకు మార్కులు పడ్డాయి. ఇంతవరకూ వింతేమీ లేదు. విచిత్రమేమిటంటే, స్వప్రేమలోని అన్ని పాళ్లలోనూ తొలిచూపు ఆకర్షణతో గట్టిగా ముడిపడ్డది, ఎదుటివాళ్లను వాడుకునే గుణమేనట. అంటే ఊరు మొట్టమొదట ముచ్చట పడేది, రేపు ఏ గుణం వల్ల ముంచబోతాడో ఆ గుణం చూసే.

కెనడాలో డెల్రాయ్ పాల్హస్ అంతకు ముందే దీన్ని ఇంకొంచెం దూరం లాగాడు. చిన్న చిన్న గుంపులను ఏడుసార్లు కూర్చోబెట్టి, ఒకరి గురించి ఒకర్ని అడిగాడు. తమను తాము పైకెత్తుకునేవాళ్లు మొదటి సమావేశంలో అందరికీ నచ్చారు. ఏడోది వచ్చేసరికి బడాయిగాళ్లనిపించుకున్నారు. ఈ పత్రం వచ్చింది 1998లో. కానీ వారానికో అంగడి జరిగే ఊళ్లకు ఈ లెక్క చెప్పడానికి కెనడా అక్కర్లేదు. మొదటి అంగడిలో తెల్ల చొక్కా చుట్టూ గుంపు. మూడో అంగడిలో అదే కథ మళ్లీ చెబుతాడు, ఎమ్మెల్యే పేరు మాత్రం మారుతుంది. అయిదో అంగడిలో పర్సు ఇంట్లో మరిచిపోతాడు. ఏడో అంగడిలో ఆయన బండి చప్పుడు వినగానే హోటల్లో సగం మందికి ఫోన్లు వస్తాయి, తక్కిన సగం మందికి పొలంలో మోటరు ఆపలేదని గుర్తొస్తుంది.

తెలుగులో ఈ రకానికి తాతలాంటివాడు గిరీశం. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ఎక్కడి కోటగిరి, ఎక్కడి విజయనగరం అనిపిస్తుంది గానీ, గురజాడ నాటకాన్ని ఎవరికెన్నో సమావేశమో లెక్క పెట్టుకుంటూ చదివితే వేరే మజా. వెంకటేశానికి గురువంటే ఎప్పటికీ మొదటి అంగడే, అంతకు మించి చూసే వయసు రాలేదు. అగ్నిహోత్రావధానులుకు రెండో మూడో. మరి పూటకూళ్లమ్మకు? ఆమె అన్నం పెట్టింది, ఇంట్లో చోటిచ్చింది, డబ్బూ పోగొట్టుకుంది. అందుకే ఆమె చేతిలో చీపురుకట్ట ఉంది. ప్రేక్షకులు మాత్రం నూరేళ్లు దాటినా గిరీశాన్ని మొదటిసారి చూసినట్టే చూస్తున్నారు. టికెట్ డబ్బులు తప్ప ఆయన వాళ్ల దగ్గర ఏమీ గుంజలేదు కదా.

చెరకు రోజుల్లో ఇంకో రకం ఆకర్షణ ఉండేది. అది మనిషిలో కాదు, ఆయన చేతిలోని కాగితంలో. చెరకు నరికాక ఆలస్యమైతే బరువు పోతుంది, పంచదారా తగ్గుతుంది. అందుకే ఏ రైతు ఏ రోజు నరకాలో ఫ్యాక్టరీ చెప్పాలి. ఆ కటింగ్ ఆర్డరు నడిచేది ఫీల్డ్‌మన్ చేతి మీదుగా. సీజన్లో ఫీల్డ్‌మన్ ఊళ్లోకొస్తే ఆయనంత చమత్కారి ఈ భూమ్మీద లేడు. పోయినేడు చెప్పిన జోకే చెప్పినా కడుపు పట్టుకుని నవ్వేవారు. ఆయన దగ్గితే అందులోనూ ఏదో హాస్యం దొరికేది. గానుగ ఆడటం ఆగిపోయి సీజను ముగిస్తే, ఆ జోకే చాయ్ హోటల్లో ఎవరికీ ఎక్కేది కాదు. ఎదుటివాడు నవ్వుతున్నది తన మాటకా, తన సంతకానికా అన్న సందేహం ఆయనకు పాపం ఎండాకాలంలోనే వచ్చేది.

ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు పోయిన పొలాల్లో వడ్లు పెరిగాయి. మరి ఆ ఆకర్షణ ఏమైంది? ఎక్కడికీ పోలేదు, చేయి మారింది. ఇప్పుడది వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషను పట్టుకున్న కుర్రాడి దగ్గరుంది. తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. కల్లంలో ఆరబోసి, మొగులు వైపు చూస్తూ, టార్పాలిన్ కప్పుతూ వారం రోజులుగా కాపలా కాస్తున్న అరవై ఏళ్ల రైతు, ఆ ఇరవై రెండేళ్ల పిల్లగాణ్ని చూసి, "తమ్మీ, నువ్వు అచ్చం హీరో లెక్కనే ఉన్నవ్ రా" అంటాడు. మిషను 16.8 చూపిస్తే పిల్లగాడు నిజంగానే హీరో. 18 చూపిస్తే, "వాని మొఖం చూడు, పొద్దుగాల ఎవల మొఖం చూసిన్నో" అని అదే నోరు అంటుంది. మధ్యలో పిల్లగాడి మొఖం మాత్రం ఏమీ మారలేదు.

మరి మాట్లాడనివాళ్ల సంగతి? వీళ్లను ఊరు "ముభావం మనిషి" అని ఒక మూల కూర్చోబెడుతుంది. పొగరని కొందరు, మెతకని కొందరు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మోర్లండ్, బీచ్ అనే పరిశోధకులు నలుగురు అమ్మాయిలను ఒక పెద్ద క్లాసుకు పంపారు. ఒకామె ఒక్కసారీ పోలేదు, ఒకామె 5 సార్లు, ఒకామె 10, ఇంకొకామె 15 సార్లు పోయింది. ఎవరితోనూ మాట్లాడకూడదు, ఊరికే వచ్చి కూర్చుని పోవాలి. చివర్లో ఫొటోలు చూపించి అడిగితే, ఎక్కువసార్లు వచ్చినామె విద్యార్థులకు ఎక్కువ నచ్చింది. 1992 నాటి ఈ ఫలితం ప్రకారం, రోజూ పొద్దున ఆరింటికి హోటల్ బల్ల చివర కూర్చుని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, మాట్లాడకుండా లేచిపోయే మనిషికి తెలియకుండానే ఊరంతా అభిమానులున్నట్టు లెక్క. రెండు రోజులు రాకపోతే, "పెద్దాయన కనబడ్తలేడు, పానం బాగుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆయనకు ఆ సంగతి చెప్పినా నమ్మడు. 2018లో ఎరికా బూత్‌బీ బృందం కనుక్కున్నదీ ఇదే: మాట్లాడుకున్నాక ఎదుటివాళ్లకు మనం ఎంత నచ్చామో మనం తక్కువగా అంచనా వేస్తాం, సిగ్గరులు ఇంకా తక్కువగా వేస్తారు.

తెల్ల చొక్కా మీద పెట్టిన లెక్క ఎదురు తిరిగే మనుషులూ ఈ జిల్లాను తాకి వెళ్లారు. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నప్పుడు ఒకరింట్లో వంటచేస్తూ చదువుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. పుస్తకాల మూటతో వచ్చేవాణ్ని చూసి మొదటి అంగడిలో మురిసిపోయే ఊరు ఏదీ ఉండదు. 1948లో నిజామాబాదు ఖిల్లా జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్యతో కలిసి ఉన్నాడు. జైలంటే అంగళ్ల లెక్క కాదు, పొద్దున లేస్తే అదే మొఖం, రాత్రి పడుకుంటే అదే గురక. అట్లాంటి చోట స్నేహం చెడకపోవడమే గొప్ప అనుకుంటే, బయటికొచ్చిన దాశరథి తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఇంతకు మించిన క్యారెక్టర్ సర్టిఫికెట్టు ఏ గెజిటెడ్ ఆఫీసరూ ఇవ్వలేడు.

ఇక గొప్పవాళ్లు జారిపడటం. 1966లో ఎలియట్ ఆరన్సన్ బృందం ఒక క్విజ్ రికార్డింగు వినిపించింది. దాదాపు అన్ని ప్రశ్నలకూ సరిగ్గా చెప్పినవాడు చివర్లో కాఫీ ఒలకబోసుకుంటే వినేవాళ్లకు ఇంకా నచ్చాడు. అంతంతమాత్రంగా చెప్పినవాడు ఒలకబోసుకుంటే ఉన్న అభిమానం కూడా పోయింది. కోటగిరి వైపు దీన్ని కాలువగట్టు మీద చూడొచ్చు. వ్యాకరణం తప్పితే ఊరుకోని రిటైర్డ్ హెడ్మాస్టరు ఒక వానాకాలం పొద్దున గొడుగుతో సహా బురదలోకి జారితే, ఊరు ఆయన్ని ఆ రోజు నుంచే ప్రేమించడం మొదలుపెడుతుంది. అదే బురదలో, రోజూ జారేవాడు జారితే, "లే, లే, నీకు అలవాటే" అంటారు. మొక్కపాటి వారి బారిస్టర్ పార్వతీశం మాత్రం ఆరన్సన్‌కు లొంగడు. అడుగడుగునా జారుతూనే అందరికీ నచ్చాడు. బహుశా జారినప్పుడల్లా గంభీరంగా లేచి నిలబడటం వల్ల కావచ్చు.

అడుక్కునే ఆకర్షణ కూడా ఒకటుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తనంటే గిట్టని ఒక శాసనసభ్యుణ్ని అరుదైన పుస్తకం ఒకటి ఇమ్మని అడిగి, చదివి తిరిగిచ్చి, స్నేహితుణ్ని చేసుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. సాయం చేసినవాడు, చేసినందుకైనా, ఎదుటివాడు మంచోడే అనుకోవాలి కదా. కోటగిరి పద్ధతిలో పుస్తకం స్థానంలో మందు కొట్టే పంపు ఉంటుంది. "అన్నా, ఒక్క పూట ఇయ్యి, మాపటికల్ల తెస్త" అని అడిగినవాడు మాపటికి తెస్తే ఫ్రాంక్లిన్ గెలిచినట్టే. తేకపోతే ఫ్రాంక్లిన్‌నూ పంపునూ కలిపి వెతుక్కోవాలి.

వాగుడుకాయలే అమ్మకాల్లో మొనగాళ్లన్న నమ్మకం విత్తనాల దుకాణాల వరుసలో బలంగా ఉంది. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ 340 మంది ఫోన్ అమ్మకందార్లను చూసి 2013లో చెప్పింది వేరు. మరీ కలుపుగోలు వాళ్లూ కాదు, మరీ మౌనులూ కాదు, మధ్యరకం వాళ్లు ఎక్కువ అమ్మారు. కారణం చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. రైతు "ఆకు ఎర్రబడ్తుంది సేటూ" అన్న చోట ఆగి వినేవాడే సరైన మందు తీయగలడు. ఎక్కువ మాట్లాడేవాడు ఆ మాట పూర్తయ్యేలోపే నాలుగు డబ్బాలు బల్ల మీద పెట్టేస్తాడు.

ఇవన్నీ తెలిసిన ఊరే పెళ్లిచూపుల దగ్గరికొచ్చేసరికి ఒక్క సమావేశం మీద నలభై ఏళ్ల కాపురాన్ని తేల్చేస్తుంది. అరగంట, నాలుగు బిస్కెట్లు, ఒక చాయ్. తొలిచూపు మనుషులందరూ గెలిచే మైదానం అది. అయినా పెద్దవాళ్లు అంత అమాయకులేం కాదు. చూపులు అయిన వారానికి మేనమామ ఒకాయన పని మీద పోయినట్టు పిల్లగాడి ఊరికి పోతాడు. పిల్లగాడి దోస్తులను కలవడు, సర్పంచును కలవడు. క్షవరం చేయించుకుంటాడు, పంక్చరు దుకాణంలో గాలి కొట్టిస్తాడు, చివరికి కిరాణం ముందు నిలబడి అగ్గిపెట్టె కొంటూ ఆ పేరు మెల్లగా వదులుతాడు. రాత్రికి ఇంటికొచ్చి రిపోర్టు ఇస్తాడు.

"పిల్లగాడు మాటకారి, అందగాడు, ఊరంత మంచిగనే చెప్తున్నరు."

"మరేందిరా నీ మొఖం అట్లుంది?"

"ఏం లేదక్కా. పేరు చెప్పంగనే కిరాణం సేటు ఉద్దెర పుస్తకం తీసి, 'మీరు వాళ్ల చుట్టాలా? కడ్తరా?' అన్నడు."