హరిణోపాసకుడు

కృష్ణకాలువల నీరు పారి, కనుచూపుమేర వరిచేలే తప్ప చాటునకొక పొదయైనను లేని మా తెనాలి ప్రాంతమున మృగమనదగినది వీథికుక్కయే గాని వేఱొండు లేదు; అట్టి నేలయందే జింకల ఛాయాగ్రాహకులను జాతి ఇంత విరివిగా వర్ధిల్లుట నాకు వింతగా తోచును.

ఈ జాతి బాపట్లలోను కలదు. అక్కడివాడు వ్యవసాయ కళాశాల గాలి సోకినవాడు గావున, మీరు కృష్ణజింకయని నోరు తెఱవగనే, "అది జింక కాదండీ, ఇర్రి! జింకజాతికి కొమ్ములు రాలి మళ్ళీ మొలుస్తాయి, దీనికి రాలవు" అని సవరించి, రాష్ట్రమృగమునకే పేరు తప్పు పెట్టిరని పొద్దుగూకువఱకు విచారించును. రేపల్లెవాడు మడయడవుల దరి చీకటిలో మెఱసిన ప్రతి కంటిని దుప్పికన్నుగా నెంచి ఊపిరి బిగబట్టును. అది బావురుపిల్లియైనను కొంత అదృష్టమే, తఱచుగా గేదె.

అయినను వీరెవ్వరును మా ప్రక్కయింటి బావగారికి సాటిరారు. బ్యాంకు ఉద్యోగము విరమించి వచ్చిన సొమ్ములో సింహభాగము ఆనపకాయంత లెన్సునకు ధారవోసి, అడవిలో కనబడకుండుటకై ఆకుపచ్చ మచ్చల చొక్కా కుట్టించుకొనిరి. ఆ చొక్కాతో గాంధీచౌక్‌లో కూరలు బేరమాడుచుండగా క్రోసెడు దూరమునుండి గుర్తింపవచ్చును. వారి విజ్ఞానము మాత్రము తక్కువది కాదు. కొండముచ్చులున్న చెట్టుక్రింద దుప్పులు చేరుననియు, పైవారు త్రుంచి పడవేసిన ఆకులు, కాయలు క్రిందివారికి ఆహారమనియు, పులి వచ్చిన పైనున్నవారి కన్నును క్రిందనున్నవారి ముక్కును పరస్పరము హెచ్చరించుకొనుననియు నాకు వారివలననే తెలిసినది.

గత మాఘమున లక్ష్మణునివలె నన్ను వెంటగొని, త్రిపాది నా భుజమునకెత్తి, గుంటూరు మీదుగా మార్కాపురమునకు రైలులోను, అటుపై దోర్నాల దాటి నల్లమలలోని తుమ్మలబైలునకును ప్రయాణమైరి. మనుష్యవాసన తగులరాదని మూడు దినములుగా సబ్బు మానిన ఆ మహానుభావుని సంచిలో ఇంగువ పోపు ఘుమఘుమలాడు పులిహోర యుండెను. జీపు కదలినది మొదలు చిటికెడు పౌడరు గాలిలో విడిచి దిక్కు పరీక్షించుచు, ఎదురుగాలియే గదా యని సంతసించుచుండిరి.

ఒక మలుపున డ్రైవరు ఇంజను ఆపెను. నలువది గజముల దూరమున, ఎండపొడలో, ఒడలెల్ల చుక్కలతో దుప్పులు మేయుచుండెను. ఒక పోతు కొమ్ములెత్తి మావైపు తిరిగి నిలిచినది. చిత్తరువునకు కూర్చున్న పెండ్లికొడుకైనను అంత ఓర్పు చూపడు. నేను నిలువెల్ల కన్నులైతిని. బావగారు లెన్సు సరిచేసిరి, మరల సరిచేసిరి, పిమ్మట శిష్యవాత్సల్యము పొంగిపొరలి నా చెవియొద్దకు వంగిరి. "చూడు బావా, తోక ఎత్తి కింద తెలుపు చూపించిందంటే ఇక లేచిపోయినట్టే. ఎందుకంటే..."

ఆ హేతువు పూర్తికాకమునుపే గుంపంతయు తోకలెత్తెను. మీట మ్రోగెను.

ఆ చిత్రమును రెండడుగుల పటము కట్టించి బావగారు మా యింటికి స్వయముగా మోసికొని వచ్చిరి. పచ్చని అలుకుడు నడుమ మూడు తెల్లని మచ్చలు. మా అమ్మ కళ్ళజోడు సవరించుకొని, దగ్గఱగా వచ్చి, చాలసేపు చూచెను.

"కొంగలు బాగున్నాయి నాయనా! మన కాలవగట్టు చేలోవేనా?"