తాళం వేసిన బీరువా

జార్జ్ ఆర్. స్టూవర్ట్ 1949లో రాసిన ‘ఎర్త్ అబైడ్స్’ నవలను నేను చాలాకాలం తలకిందులుగా అర్థం చేసుకున్నాను.

కాలిఫోర్నియా కొండల్లో పాముకాటు తిన్న ఇష్ అనే విద్యార్థి కోలుకుని కిందికి దిగేసరికి మహమ్మారి మనుషుల్ని ఊడ్చేసి ఉంటుంది. బర్కిలీలో ఇల్లు చేరతాడు. ఎమ్ అనే స్త్రీ తోడవుతుంది, పిల్లలు పుడతారు, మిగిలినవాళ్లు కొందరు చేరి చిన్న గూడెం ఏర్పడుతుంది. కొళాయిల్లో నీళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. ఇష్ దిగులంతా అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయం గురించే. దాని జోలికి పోవద్దని పిల్లలకు చెబుతాడు; వాళ్లకది గుడిలాంటి చోటైపోతుంది. చదువు అబ్బింది జోయీ ఒక్కడికే. వాడు టైఫాయిడ్‌తో పోతాడు. ఆ తర్వాత ఇష్ బడి మూసేసి పిల్లలకు విల్లు చేసిస్తాడు.

అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండేది. చేతులెత్తేశాడని స్నేహితులతో వాదించేవాణ్ణి. నేనైతే ఆఖరి పుస్తకం దాకా కాపాడేవాణ్ణని నమ్మాను.

కాపాడటమంటే నాకు తెలిసింది అద్దాల బీరువా, కలరా ఉండలు, తాళం. మా మేనకోడలు చిన్నప్పుడు బొమ్మల భారతం అడిగితే, “నలిగిపోతుందమ్మా, పెద్దయ్యాక చదువుదువుగాని” అన్నాను. మళ్లీ అడగలేదు.

2020 లాక్‌డౌన్‌లో ఆ పుస్తకం బయటికి తీశాను. కుట్టు పొడుగునా చెద. పేజీలు అతుక్కుపోయి, విడదీస్తే మట్టి రాలింది. అంపశయ్య మీద భీష్ముడికి తల మిగిలింది, బాణాలు లేవు. పిల్ల అప్పటికే ఉద్యోగంలో చేరింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.

ఆ రోజుల్లోనే నవల మళ్లీ పట్టుకున్నాను. ఇష్ తర్వాతి తరాల పిల్లలు పాత నాణేలను సాగగొట్టి బాణాలకు మొనలు చేసుకుంటారు. ఒకప్పుడు నాకు రోత పుట్టించిన ఆ దృశ్యం ఈసారి పక్కన పెట్టనివ్వలేదు. ఆటకని ఇచ్చిన విల్లు ఆ పిల్లల చేతుల్లో తిరిగి, అరిగి, అన్నం పెట్టే సాధనమైంది. ముట్టుకోవద్దన్న గ్రంథాలయం మాత్రం వాళ్లకు ఎందుకూ పనికిరాలేదు.

మేనకోడలికి ఫోన్ చేసి, పుస్తకం ఇవ్వనన్న ఆ రోజు సంగతి చెప్పాను. “నాకసలు గుర్తే లేదు మావయ్యా” అంది. కోప్పడినా బాగుండేది. ఇష్ దగ్గర చదువుకోగలిగిన ఒక్క పిల్లాణ్ణి రోగం తీసుకుపోయింది. నన్ను అడగడానికొచ్చిన పిల్లను నేనే వెనక్కి పంపాను.