ఎందుకైనా మంచిదని

పెట్రోలు కొరత వచ్చిందంటే ప్రభుత్వం వారు గల్ఫ్ దేశాల వంక చూస్తారు. పత్రికల వాళ్లు చమురు కంపెనీల వంక చూస్తారు. మా ఆవిడ మాత్రం నా వంక చూస్తుంది. దేశంలో ఏ వస్తువు దొరక్కపోయినా దానికి మూలకారణం మా ఇంట్లోనే, సోఫాలో కూర్చుని కాఫీ తాగుతోందని ఆమె నమ్మకం. ఇన్నాళ్లూ ఖండిస్తూ వచ్చాను. సాక్ష్యాలు పెరిగిపోతున్నాయి, నాకు ఓపిక తగ్గిపోతోంది. కాబట్టి చెప్పేస్తున్నాను.

మాది చెన్నైలో వేళచ్చేరి. వానొస్తే టీవీల వాళ్లు గొడుగు పట్టుకుని ముందుగా వచ్చేది మా పేటకే. ఇక్కడ కాపురం ఉన్నవాడికి డిసెంబరు నెల పరీక్షల నెల. 2015 డిసెంబరులో అడయారు నది పొంగింది. 1878 నుంచి వస్తున్న హిందూ పత్రికే, పనివాళ్లు ప్రెస్సుకి చేరలేక, డిసెంబర్ 2న అచ్చు కాలేదంటే ఊరి పరిస్థితి ఊహించుకోండి. నీళ్ల మధ్య కూర్చుని తాగే నీళ్లకి అల్లాడాం. ఆ వారం నుంచి మా ఇంట్లో నీళ్ల క్యాన్లు ఒకదాని మీద ఒకటి లేచాయి. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను వచ్చి చెట్లనీ కరెంటు స్తంభాలనీ కలిపి పడగొట్టింది. ఆ ఏటి నుంచి కొవ్వొత్తులు. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపాను వచ్చి, ఊళ్లో పాలు లేకుండా చేసి, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటి వెళ్లిపోయింది. ఆ దెబ్బకి పాలపొడి డబ్బాలు. ఇలా ప్రతి తుపానూ నా చేత ఒక కొత్త వస్తువు కొనిపిస్తూ వచ్చింది. దేన్ని కొన్నా నేను చెప్పే కారణం ఒక్కటే: ఎందుకైనా మంచిదని.

"ఆ ఎందుకైనా అన్నది ఎప్పుడొస్తుందండీ?" అని అడుగుతుంది మా ఆవిడ, బీరువా తలుపు మూయడానికి మోకాలు ఆనించి నెడుతూ.

మిచౌంగ్‌లో మా పాత ఓమ్నీ వ్యాను సీట్ల దాకా మునిగింది. మెకానిక్ ఇంజను బతికించాడు గానీ వెనక సీట్లు కుళ్లి, పీకి పారేయాల్సి వచ్చింది. సీట్లు లేని బండిని చూస్తే ఎవరికైనా దిగులేస్తుంది. నాకు మాత్రం యూట్యూబ్ గుర్తొచ్చింది. అందులో తెల్లదొరలూ దొరసానులూ వ్యాన్లలో కాపురాలు పెట్టి, కొండల అంచున ఆపుకుని, వెనక తలుపు తెరిచి కాఫీ తాగుతుంటారు. వడ్రంగిని పిలిచి ప్లైవుడ్ బల్ల కొట్టించాను. దాని మీద పరుపు, కింద సామాన్లు. కిటికీలకి మా ఆవిడ పాత వాయిల్ చీర. మూలకి ఐదు కిలోల చిన్న సిలిండరు, ఒంటి పొయ్యి. "క్యారవాన్ తయారైంది" అని ప్రకటించాను.

మా అమ్మాయి చుట్టూ తిరిగి చూసింది. "నాన్నా, సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుపోయే బండి ఇదే కదా. ఇప్పుడు కర్టెన్లు కూడా వచ్చాయి" అంది.

కొత్త సంవత్సరానికి హైదరాబాదులో ఉన్న మా బావమరిది ఇంటికి క్యారవాన్ యాత్ర అని నిర్ణయించాను. నేనూ, ఆవిడా, అమ్మాయీ, మా అత్తగారూ. బల్ల కింద నీళ్ల క్యాన్లు, కొవ్వొత్తులు, పాలపొడి, బియ్యం, ఆవకాయ, దోమల చుట్టలు. "హైదరాబాదులో బియ్యం దొరకవా అల్లుడుగారూ?" అని అత్తగారు అమాయకంగానే అడిగారు. జవాబు మీకు తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బావమరిదికి మూడు పడగ్గదుల ఇల్లు. అయినా యాత్రాధర్మం తప్పకూడదని రాత్రిళ్లు నేను కిందే, ఓమ్నీలో పడుకున్నాను. వాచ్‌మన్‌కి నా మీద జాలి పుట్టింది. ఇంట్లో గొడవేమో అనుకుని పొద్దున్నే టీ తెచ్చిచ్చేవాడు.

అంతలో 2024 జనవరి 2 వచ్చింది. కొత్త న్యాయ సంహితలో 106వ సెక్షను రెండో ఉపవిభాగం కింద, మనిషిని గుద్ది చంపి, పోలీసులకి చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకి పదేళ్ల దాకా జైలు పడొచ్చు. దాని మీద దేశమంతా లారీ డ్రైవర్లు బళ్లు ఆపేశారు. ట్యాంకర్లు కదలకపోతే బంకులు ఎండిపోతాయన్న కబురు ఆ మధ్యాహ్నానికి వాట్సాప్‌లో హైదరాబాదంతా తిరిగింది. ఇంకేముంది, ఊరు ఊరంతా బంకుల ముందుకొచ్చి నిలబడింది.

"బావా, నీ బళ్లో ఎంతుంది?" అన్నాడు బావమరిది.

"సగం ట్యాంకు."

"చాలు కదండీ" అంది ఆవిడ.

"ఇంకో సగం లేదు కదా!" అని నేను చెప్పులు వేసుకున్నాను. ఆడవాళ్లు ముగ్గురూ నా వెంటే బండెక్కారు.

లైను బంకు నుంచి బయల్దేరి, సందు తిరిగి, ఒక కల్యాణమండపం దాటి, ఎవరిదో బారసాల పందిట్లో నుంచి వచ్చి నా దగ్గర ఆగింది. ముందున్న మోటారు సైకిలు కుర్రాణ్ణి అడిగాను, స్ట్రైకు ఎన్నాళ్లట అని. "ఏం స్ట్రైకన్నా? నాకు తెల్వదు. అందరు నిలవడ్డరని నిలవడ్డ" అన్నాడు. నాకు చాలా ధైర్యం వచ్చింది. ఈ దేశంలో నేను ఒంటరివాణ్ణి కాను.

క్యారవాన్ గొప్పతనం క్యూలో తెలిసింది. మిగతావాళ్లు ఎండలో మాడుతుంటే నేను పరుపు మీద కాళ్లు చాపుకున్నాను. టీ పెట్టుకుందామని పొయ్యి మీద చెయ్యి వేశాను. ఆవిడ ఏమీ అనలేదు. బంకు గోడ మీద అగ్గిపుల్ల బొమ్మకి ఎర్రగీత కొట్టి ఉంటే, దాన్ని వేలు పెట్టి చూపించింది. అత్తగారు మాత్రం పులిహోర డబ్బా తెరిచి వెనక కారు వాళ్లకి, వాళ్ల వెనక ఆటో అతనికి పంచడం మొదలెట్టారు. మా అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. చంచల్‌గూడ దగ్గర ఫుడ్ డెలివరీ కుర్రాడు భుజాన సంచీతో గుర్రమెక్కి వెళ్తున్నాడు. "నాన్నా, మనం కూడా గుర్రం కొంటే?" అంది. తమాషాకే అంది. నేను మాత్రం గుర్రానికి గడ్డి ఎన్నాళ్లకి సరిపడా నిల్వ చేయవచ్చో మనసులో లెక్క వేశాను.

గంటల తరబడి స్టార్టు చేసి, నాలుగడుగులు వేసి, ఆపి, మళ్లీ స్టార్టు చేసి, ఉన్న సగంలోంచి కొంత ఖర్చుపెట్టి పంపు దగ్గరికి చేరాను. ట్యాంకు నింపాక, మంచినీళ్ల క్యాను ఖాళీ చేసి ముందుకు పెట్టాను. బంకు కుర్రాడు ప్లాస్టిక్ డబ్బాలో పోయనన్నాడు. అతను నా ప్రాణాలు కాపాడాడని మా ఆవిడ ఈనాటికీ అంటుంది. ఇంటికి చేరేసరికి టీవీలో వార్త: కేంద్ర హోం కార్యదర్శి లారీ యజమానుల సంఘంతో మాట్లాడారు. ఆ సెక్షను ఇంకా అమల్లోకి రాలేదు, సంప్రదించాకే నిర్ణయిస్తాం అన్నారు. డ్రైవర్లని పనిలోకి వెళ్లమని సంఘం చెప్పింది. ఆ ఏడు జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు కూడా ఆ ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు. ఏ సెక్షను కోసం నేను బారసాల పందిట్లో నిలబడ్డానో అది నాకన్నా నిదానస్తురాలు.

అసలు దెబ్బ తిరుగు ప్రయాణంలో తగిలింది. ఆ రోజుల్లో పెట్రోలు హైదరాబాదులో లీటరు 109 రూపాయల 66 పైసలు. చెన్నైలో 102 రూపాయల 63 పైసలు. అంటే లీటరుకి ఏడు రూపాయలు ఎక్కువ పెట్టి, గంటల తరబడి నిలబడి కొన్నానన్నమాట. ఈ సంగతి మా ఆవిడ ఒంగోలు దాటాక చెప్పింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "క్యూలో మీ మొహం వెలిగిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు" అంది. సరే అని ఊరుకోవాల్సింది. తడ దగ్గర ఖాళీగా ఉన్న బంకు కనిపించింది. పెట్రోలు ధర ఆంధ్రలో ఇంకా ఎక్కువని తెలుసు. కానీ ఖాళీ బంకుని చూస్తే నాకు అనుమానం. ఇప్పుడు ఖాళీగా ఉందంటే కాసేపట్లో నిండుతుందనేగా! మళ్లీ ఫుల్ చేయించాను. కాసేపటికి తమిళనాడు వచ్చింది. ఆరంబాక్కంలో ఆంధ్రా నంబరు బళ్లన్నీ చవకగా పోయించుకోవడానికి వరస కట్టి ఉన్నాయి. ఆ వరస పక్క నుంచి, ట్యాంకులో ఇంకో చుక్క పట్టని తమిళనాడు నంబరు బండి ఒకటి నెమ్మదిగా వెళ్లిపోయింది. అందులో ఎవరూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క కట్టాను. ఒక ట్యాంకరు 12 వేల లీటర్లు తెచ్చిందనుకుందాం. మామూలు రోజున స్కూటరు కుర్రాడు వంద రూపాయలకి పోయించుకుంటాడు. ఆ లెక్కన హైదరాబాదు ధరకి 13 వేల స్కూటర్లకి సరిపోతుంది. కంగారు పుట్టిన రోజున అదే కుర్రాడు ఐదు లీటర్లూ నింపమంటాడు. అప్పుడు 2,400 స్కూటర్లకే ట్యాంకరు ఖాళీ. పెట్రోలు ఎక్కడికీ పోలేదు. బంకు కింద ఉండాల్సింది ఊళ్లో బళ్ల కింద ఉంది. 2021 సెప్టెంబరులో ఇంగ్లండులోనూ ఇదే నాటకం ఆడారు. చమురు నిండుగానే ఉంది, ట్యాంకరు డ్రైవర్లు చాలక కొన్ని బంకులు మూతపడ్డాయి. కంగారు పడొద్దని మంత్రులు చెప్పారు. మంత్రి కంగారు పడొద్దన్నాడంటే పడాల్సిన అవసరం ఉన్నట్టే కదా అని జనం ఎగబడ్డారు. చివరికి సైనికుల చేత ట్యాంకర్లు నడిపించారు. ఇది చదివి ఎంతో ఊరట పొంది ఆవిడకి చూపించాను. "దొరలకి కూడా మీ జబ్బే ఉందని సంతోషమా?" అంది.

2024 అక్టోబరు దాకా క్యారవాన్ మళ్లీ కదల్లేదు. ఆ నెల 14న, చెన్నైకి కుండపోత అని హెచ్చరిక రాగానే, మా పేట వాళ్లంతా కార్లు తీసుకెళ్లి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద రెండు పక్కలా నిలిపేశారు. నేను ట్యాంకు నింపి (ఆశ్చర్యపోరు కదా), ఆవిన్ పాల ప్యాకెట్లు రంగు చూడకుండా పట్టినన్ని పట్టి, రొట్టె, కొవ్వొత్తులు ఎక్కించి బయల్దేరాను. అందరూ కారు పెట్టి ఇంటికి పోయారు. మేం ఉండిపోయాం. నీళ్లొస్తే ఇల్లు మునుగుతుంది, ఓమ్నీ మునగదు. ఇంతకన్నా క్యారవాన్‌కి సార్థకత ఏముంటుంది?

జరిమానా వేస్తున్నారని ఒక పుకారు, లేదని పోలీసుల ప్రకటన. అటుగా వచ్చిన కానిస్టేబుల్ వాయిల్ చీర తొలగించి లోపలికి చూశాడు. పరుపు మీద అత్తగారు రుద్రాక్షలు తిప్పుకుంటున్నారు. "ఎన్న సార్, కుడుంబత్తోడవా?" అన్నాడు. అవునండీ, కుటుంబంతో సహానే. అతను ఏ సెక్షను పెట్టాలో తోచక, అత్తగారిచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఆ కాఫీతోనే నా పతనం మొదలైంది. కారు క్షేమంగా ఉందో లేదో చూసుకోవడానికి వచ్చే ప్రతివాడికీ అత్తగారు గ్లాసు అందించారు. కార్లు వందల్లో ఉన్నాయి. చూసుకోవడానికి యజమానులు పూటపూటకీ వచ్చారు. కొంతమంది పిల్లల్ని కూడా తీసుకొచ్చారు, "ఓమ్నీ పాట్టి", అంటే ఓమ్నీ బామ్మ, చేతి కాఫీ కోసం. 16వ తేదీకి రెడ్ అలర్ట్ అన్నారు. ఆ రోజు చెప్పుకోదగ్గ వాన పడలేదు. 17 తెల్లారుజామున వాయుగుండం మా మీద దయ తలచి చడీచప్పుడు లేకుండా తీరం దాటిపోయింది. రెడ్ అలర్ట్‌లో చెప్పిన కుండపోత రాలేదు. నా పాలు మాత్రం ఆఖరి ప్యాకెట్ దాకా అయిపోయాయి. మొత్తం పేట భయంతో కొన్న పాలు ఇళ్లలో విరుగుతుంటే నావి మాత్రం చెల్లిపోయాయి. ఇది నా ముందుచూపేనని ఆవిడతో వాదించాను. ఆమె గ్లాసులు కడుగుతూ ఊరుకుంది.

అత్తగారు దిగుతూ అన్నారు: "హైదరాబాదు కన్నా ఇదే బాగుంది అల్లుడుగారూ. గాలి, వెలుతురు, నలుగురు మనుషులు. స్నానానికి మన ఇల్లే. ఏటా ఇక్కడికే వద్దాం."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ ముచ్చట కాఫీ తాగినవాళ్లందరికీ తెలిసిపోయింది. వచ్చే ఏడు ప్రతివాడూ పొయ్యీ పరుపూ తెచ్చుకుంటాడు. ఫ్లైఓవర్ ఒకటే, పేట పెద్దది. జాగాకి కొరత ఖాయం. అందుకని సెప్టెంబరు నెలాఖరుకే ఓమ్నీని తీసుకెళ్లి ఒక మంచి మూల చూసి పెట్టేద్దామనుకుంటున్నాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు.