మాస్టారి ఫైలు నడుస్తోంది

కోర్టులో తీర్పు చదివింది ఉదయం పదకొండింటికి. పదకొండుంపావుకల్లా బస్టాండు పక్క టీకొట్టులో తెలిసిపోయింది. మధ్యాహ్నం బళ్ళో అన్నం వండే ఆవిడ గుడ్లు వలుస్తూ, పిల్లల చెవిన పడకుండా ఆయాకి చెబుదామనుకుంది గాని, పిల్లలకి అప్పటికే తెలుసు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటోతో సహా పడింది. లోకమంతా ఎరిగిన ఆ సంగతి తెలియనిది ఒక్క విద్యాశాఖకే. పాపం, దాని తప్పేమీ లేదు. దానికి కళ్ళూ చెవులూ ఉండవు. ఉన్నది ఒకే ఒక్క జ్ఞానేంద్రియం, దాని పేరు సీసీ కాపీ. కోర్టు ముద్ర వేసిన నకలు చేతికి తగిలితే తప్ప దానికి పగలో రాత్రో తెలియదు.

ఈ మాస్టారు ఎవరని అడక్కండి. ఏ ఒక్కరూ కాదు. నాలుగు ఊళ్ళలో విన్న కబుర్లతో నేను కుట్టిన బొంత. ఫైలు మాత్రం అందరికీ తెలిసిన ఫైలే.

కథ అరెస్టు నాడు మొదలైంది. 48 గంటలకు మించి కస్టడీలో ఉన్న ప్రభుత్వోద్యోగి సస్పెండైనట్లు భావించబడును అని మన 1991 నాటి సీసీఏ రూల్స్‌లో ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండయినా ఆ రూల్సు మాత్రం ఉమ్మడి ఆస్తే. ఎవరూ ఆర్డరు వెయ్యక్కర్లేదు, గడియారం ముల్లే సస్పెండు చేస్తుంది. చక్కటి ఏర్పాటు. కాని "భావించబడును" అని రాసి ఊరుకుంటే ఎవరు భావించాలి? ఎంఈవో తొందరపడి భావిస్తే డీఈవోకి కోపం. డీఈవో భావిద్దామంటే ఎంఈవో దగ్గర్నుంచి నివేదిక రాలేదు. ట్రెజరీ వాళ్ళు చస్తే భావించరు, వాళ్ళకి కాగితం కావాలి. ఈలోగా మాస్టారు లోపల్నుంచే "జ్వరము కారణమున" అని సెలవు చీటీ పంపించారు. హెడ్మాస్టరు దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టారు, ఎందుకైనా మంచిదని.

తర్వాత ఎప్పటికో సస్పెన్షన్ భావించబడింది. జీవనభృతి సగం జీతం లెక్కన మొదలైంది. ఆలస్యం ఉద్యోగి వల్ల జరగకపోతే ఆ భృతి పెంచవచ్చని కూడా ఉంది. ఆలస్యం ఎవరి వల్ల జరుగుతుందో మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు తీర్పు వచ్చింది. నేరం రుజువైంది. ఇక్కడ రాజ్యాంగం ఏమంటుందో చూద్దాం, దాన్నీ అప్పుడప్పుడు సంప్రదించడం మంచిదే. 311వ అధికరణం ప్రభుత్వోద్యోగికి పెట్టనికోట. అభియోగం చెప్పకుండా, విచారణ జరపకుండా, వాదన వినకుండా ఎవర్నీ ఉద్యోగం నుంచి తియ్యడానికి వీల్లేదు. ఉండవలసిన కోటే. ఎమ్మెల్యే గారికి నమస్కారం పెట్టలేదని టీచర్ని ఇంటికి పంపే రోజులు రాకుండా అది కాపాడింది. అయితే ఆ కోటకి ఒక చిన్న వాకిలి కూడా పెట్టారు: ఏ ప్రవర్తన వల్ల ఉద్యోగి క్రిమినల్ కోర్టులో దోషిగా తేలాడో, ఆ ప్రవర్తన మీద చర్యకి మళ్ళీ విచారణ అక్కర్లేదు. మన రూల్సులో 25వది అదే మాట చెబుతుంది. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేటతెల్లం చేసింది. అధికారి తీర్పు చదవాలి, ప్రవర్తన ఎంత తీవ్రమైందో తూచాలి, తగిన శిక్ష రాసి సంతకం పెట్టాలి. న్యాయమూర్తి సాక్షుల్ని విని, క్రాస్ ఎగ్జామినేషన్ చేయించి, సందేహానికి తావు లేదని తేల్చిన దాన్ని డీఈవో ఆఫీసు మేడమీద గదిలో మళ్ళీ తేల్చక్కర్లేదు.

అడ్డదారి ఇంత దగ్గరగా ఉంటే మన ఆఫీసుకి నిద్ర పట్టదు. ఎక్కడో మోసం ఉందనిపిస్తుంది. అందుకని ఫైలు చుట్టుతిరుగుడు ప్రయాణం పెట్టుకుంది. తీర్పు ఇంగ్లీషులో ఉంది, అనువాదం జతచేయవలెను. అనువాదం అందింది, అసలు ప్రతి కానరాదు. నకలులో పదకొండో పేజీ మసకగా ఉంది. నేరము పనివేళలలో జరిగినదా, వెలుపల జరిగినదా? హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళుటకు ముందస్తు అనుమతి పొందినారా? (జైలు మండల కేంద్రంలో లేదు మరి.) లీగల్ ఒపీనియన్ కోసం ప్రభుత్వ న్యాయవాదికి రాయడమైనది. ఆయన "రూల్సు ప్రకారం చర్య తీసుకోవచ్చు" అని జవాబిచ్చారు. ఏ రూల్సు ప్రకారమో తెలుపవలసిందిగా మళ్ళీ రాయడమైనది.

ఆఖరికి, అక్కర్లేదని రాజ్యాంగమే చెప్పిన ఎంక్వైరీకి ఒక ఎంక్వైరీ ఆఫీసర్ని వేశారు. ఆయన రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. నాలుగు నెలలూ ఆయన పెన్షన్ పేపర్ల పనిలో ఉన్నారు.

ఈ మధ్యలో మాస్టారి తరఫున ఒక సంఘం పెద్ద దిగాడు.

"ఏవండీ సూపరింటెండెంటు గారూ, హైకోర్టులో అప్పీలు వేసాం. శిక్ష ఆపేశారు. బెయిలొచ్చింది. అంటే తీర్పే లేనట్టు కదా?"

"అంతేగా మరి," అన్నారు సూపరింటెండెంటు గారు, ఫైలు కట్టేస్తూ. ఆ కట్టడంలో ఉన్న హాయి చూడాలి.

అంతే కాదు. తమిళనాడు కాలేజీ విద్యాశాఖలో లంచం కేసులో దోషిగా తేలిన ఒక ఉద్యోగి సరిగ్గా ఈ వాదనే పట్టుకుని వెళ్తే, 1995లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. శిక్ష అమలు ఆగడం వేరు, దోషి అన్న నిర్ధారణ ఆగడం వేరు. మొదటిది జైలు తలుపు తీస్తుంది, రెండోది ఉంటేనే మచ్చ తాత్కాలికంగానైనా పోతుంది. అప్పీలు తేలేదాకా చేతులు కట్టుక్కూర్చోనక్కర్లేదు, రేపు నిర్దోషి అని తేలితే అప్పుడు ఉత్తర్వు మార్చి ఉద్యోగం తిరిగి ఇవ్వొచ్చు అని కోర్టు దారి కూడా చూపించింది. ఈ తేడా అర్థం కాకపోతే 2023 గుర్తు తెచ్చుకోండి. రాహుల్ గాంధీకి మార్చి 23న సూరత్ కోర్టు రెండేళ్ళ శిక్ష వేసింది. శిక్ష అమలు అదేరోజు ఆపింది. అయినా మర్నాటికి ఎంపీ పదవి పోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు దోష నిర్ధారణ మీదే స్టే ఇచ్చాకే పదవి తిరిగొచ్చింది. ఆ కేసు మంచిచెడ్డలు పక్కన పెట్టండి. ఇరవై నాలుగ్గంటల్లో ఒక లోక్‌సభ సభ్యుడి కుర్చీ ఖాళీ చేయించగలిగిన దేశంలో, ఒక సెకండరీ గ్రేడ్ టీచరు కుర్చీ కదలడానికి ఇన్నేళ్ళెందుకు పడుతుందన్నదే నా మొర.

దోషి అనగానే ప్రతివాడి మెడా కోసెయ్యమని నేననడం లేదు. 1985లోనే శంకర్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి ఉదాహరణ ఇచ్చింది: నో పార్కింగ్‌లో స్కూటరు పెట్టి జరిమానా కట్టినవాడూ క్రిమినల్ కేసులో దోషే, అంతమాత్రాన వాణ్ణి డిస్మిస్ చేస్తారా? చెయ్యకూడదు. తూచాలి. మన శాఖకి తూకం రాదని కూడా అనలేం. ధర్నాలో జెండా పట్టుకున్న మాస్టారూ, ఫేస్‌బుక్కులో జీతం ఆలస్యమైందని రెండు ముక్కలు రాసిన టీచరమ్మా ఉన్నారు చూడండి, వాళ్ళ ఫైలు కాళ్ళతో నడవదు, రెక్కలతో ఎగురుతుంది. పొద్దున పోస్టు, సాయంత్రం సస్పెన్షన్. అక్కడ పదకొండో పేజీ ఎప్పుడూ మసకగా ఉండదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. పిల్లల మీద చెయ్యి వేసిన కేసు దగ్గర నాకు నవ్వు రాదు.

అటువంటి ఫిర్యాదు వస్తే మన దగ్గర మొదట పుట్టేది ఎఫ్ఐఆర్ కాదు, పంచాయితీ. సర్పంచి, ఇద్దరు పెద్దమనుషులు, ఒక సంఘం నాయకుడు. "పిల్ల పరువు పోతుందమ్మా" అని తల్లికి చెబుతారు. పిల్ల పరువు ఆవిడకి తెలుసు, వాళ్ళు కాస్తున్నది ఎవరి పరువో కూడా తెలుసు. తెలిసి కేసు దాచినవాళ్ళకీ శిక్ష ఉందని 2012 పోక్సో చట్టం చెబుతుంది, సంస్థ నడిపేవాళ్ళకైతే ఏడాది దాకా. ఆ సెక్షను పంచాయితీ చెట్టుకింద ఎవరూ చదవరు. రాజస్థాన్‌లో ఇలాగే ఒక టీచరు మీద కేసుని, పిల్ల తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు రద్దు చేసి కేసు మళ్ళీ నడవాలంది. ఆ కేసులో తండ్రి రాజీపడొచ్చు, టీచరు రాజీపడొచ్చు. పడవలసిన అవసరం లేనిది ఒక్క పిల్లకే, ఆ పిల్లని ఎవరూ అడగలేదు.

రాజీ కుదరకపోతే శాఖ దగ్గర రామబాణం ఉంది, బదిలీ. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా మాస్టారిని డిప్యుటేషన్ మీద దూరపు బడికి పంపుతారు. ఎంత దూరం? దరఖాస్తు రాయడం వచ్చిన తల్లిదండ్రులు లేనంత దూరం. రోడ్డు లేని ఊరు, ఒకే టీచరున్న బడి, అక్షరం రాని తల్లులు. శిక్ష వేసింది మాస్టారికి, అనుభవించమన్నది ఆ ఊరి పిల్లల్ని.

నవోదయ విద్యాలయాల వాళ్ళు ఈ విషయంలో మనకన్నా ముందే మేల్కొన్నారు. ఆడపిల్లల్ని విచారణలో నిలబెట్టి ప్రశ్నలడగడం తగదనుకుంటే, మామూలు విచారణ లేకుండానే టీచరుని తొలగించే వీలు కల్పించుకున్నారు. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మన ఎంక్వైరీ ఆఫీసరు మాత్రం, కోర్టులో ఒకసారి బోనెక్కి చెప్పొచ్చిన పిల్లకే "విచారణకు హాజరు కావలెను" అని మెమో తయారు చేయించారు. పరీక్షల రోజుల్లో.

సరే, అద్భుతం జరిగిందనుకుందాం. ఫైలు గమ్యం చేరింది. డిస్మిస్ చేశారు. మీరు అమ్మయ్య అనుకుంటున్నారు. నేననుకోవడం లేదు.

మన దగ్గర ఊడేది ఉద్యోగం, పంతులుగిరీ కాదు. డాక్టరు ఘోరం చేస్తే మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తుంది. వకీలుకి బార్ కౌన్సిల్ ఉంది, నైతిక పతనం కిందకొచ్చే నేరంలో శిక్షపడ్డవాణ్ణి విడుదలైన రెండేళ్ళ దాకా కొత్తగా చేర్చుకోవడానికి కూడా చట్టం ఒప్పుకోదు. టీచరుకి అలాంటి రిజిస్టరే లేదు. ఎన్‌సీటీఈ ఉంది గాని, దాని చూపంతా ట్రైనింగు కాలేజీల మీద, అర్హతల మీద. టెట్ సర్టిఫికెట్టుకి మొదట్లో ఏడేళ్ళ గడువుండేది, 2021లో దాన్ని జీవితకాలం చేశారు. జీవితకాలం అంటే జీవితఖైదు కన్నా గట్టిదని తెలుస్తోంది, ఆ కాగితం మీద కోర్టు తీర్పు రాసుకోవడానికి గళ్ళు లేవు.

లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018లో మొదలైంది. పోలీసులు చూడొచ్చు. బడి కరస్పాండెంటు చూడలేడు. సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించమని 2017లో గురుగ్రామ్ బడిలో పిల్లాడి హత్య తర్వాత సీబీఎస్ఈ తన బడులకి సర్క్యులర్ పంపింది. మన వీధి చివర టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్టు అని మూడు పేర్లు తగిలించుకున్న స్టేట్ సిలబస్ బడికి అది వర్తించదు. వాళ్ళ వెరిఫికేషన్ వేరు: "జీతం ఎంతకొస్తారు మాస్టారూ?"

స్కాట్లాండులో టీచర్ల రిజిస్టరు నడిపే కౌన్సిల్ 1965 నుంచి ఉంది. ఇంగ్లండులో ఉన్న కౌన్సిల్‌ని 2012లో తీసేశారు గాని, నిషేధించిన టీచర్ల జాబితా తియ్యలేదు. ఎవరి మీద నిషేధం పడిందో, ఎందుకు పడిందో అచ్చేసి పెడతారు, ఉద్యోగమిచ్చే ముందు బడి చూసుకు తీరాలి. మన దగ్గర అది అమానుషం. ఒకడి పొట్ట కొడతామా?

ఆ మాటకొస్తే మనది పాత అలవాటే. కన్యాశుల్కం నాటకంలో అప్పులవాళ్ళ బాధ పడలేక విజయనగరం విడిచిన గిరీశం, వెంకటేశానికి ఇంగ్లీషు చెబుతానని కృష్ణరాయపురం అగ్రహారంలో దిగినప్పుడు ఎవరైనా కాండక్ట్ సర్టిఫికెట్టు అడిగారా? ఇంగ్లీషు దంచుతాడా లేదా, అంతవరకే. ఇంట్లో వెంకటేశం అక్క, వితంతువు బుచ్చమ్మ ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

మన మాస్టారు ఇప్పుడు పక్క పట్నంలో ట్యూషన్ సెంటరు పెట్టారు. గుమ్మానికి ఫ్లెక్సీ: ఇరవై రెండేళ్ళ ప్రభుత్వ ఉపాధ్యాయ అనుభవం. అబద్ధమేమీ లేదు. సస్పెన్షన్లో ఉన్న ఆరేళ్ళూ కలుపుకుంటే సరిగ్గా లెక్క కుదురుతుంది.

డిస్మిసల్ ఉత్తర్వు రిజిస్టర్డ్ పోస్టులో సొంతూరి చిరునామాకి వెళ్ళి, "ఈ చిరునామాలో లేరు" అన్న రాతతో ఆఫీసుకి తిరిగొచ్చింది. మాస్టారి ఆచూకీ తెలపమని ఎంఈవోకి మెమో వెళ్ళింది. ఎంఈవో తనకు తెలియదని రాశారు. ఆ జవాబు బట్వాడా చేసిన పోస్టుమాన్‌కి మాత్రం తెలుసు. వాళ్ళమ్మాయిని సాయంత్రం ఆరింటికి దింపేది ఆ సెంటరులోనే.